సన్నబడిన కింది దవడ ఎముక: కట్టుడు పండ్లు నిలవడానికి ఏ ఇంప్లాంట్ సరైనది?

ప్రశ్న – మర్రిగూడ నుంచి

అందరికీ నమస్కారం. మా అమ్మ వయసు 67 ఏళ్లు. మాది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలోని ఒక ఊరు. మిషన్ భగీరథ నీళ్లు రాకముందు ఏండ్ల తరబడి బోరు నీళ్లే తాగిన కుటుంబం కాబట్టి ఆమె పండ్ల మీద ఫ్లోరైడ్ మచ్చలు చిన్నప్పటి నుంచే ఉండేవి. ఇప్పుడు నడుము, మెడ కొంత బిగుసుకుపోయాయి, చేతి వేళ్లు పూర్తిగా ముడుచుకోవు. పండ్లు ఒక్కొక్కటే కదిలి, పైవీ కిందివీ అన్నీ పోయి చాలా కాలమైంది. రెండు వైపులా కట్టుడు పండ్ల సెట్టు ఉంది. పై సెట్టుతో ఏ ఇబ్బందీ లేదు. కింది సెట్టు మాత్రం నోరు తెరిస్తే లేస్తుంది, మాట్లాడితే జారుతుంది, ఒక పక్క నమిలితే రెండో పక్క పైకి వస్తుంది. అందువల్ల ఆమె తినేటప్పుడు దాన్ని తీసి స్టీలు డబ్బాలో పెట్టి, జొన్నరొట్టెను పప్పులోనో పాలలోనో నానబెట్టుకుని మింగుతుంది. పెండ్లికో పేరంటానికో పోవలసి వచ్చినప్పుడు మాత్రం పెట్టుకుంటుంది. తినడానికి చేయించిన పండ్లు నలుగురిలో కనబడడానికే పనికొస్తున్నాయన్నది మా బాధ.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. కింది సెట్టు పెట్టుకుని ఏదైనా గట్టిగా కొరికితే కుడి పక్కన ఒకచోట జివ్వుమని నొప్పి లేచి పెదవి దాకా పాకుతుందని ఆమె అంటుంది. సెట్టు తీసేస్తే తగ్గిపోతుందట.

ముగ్గురు డాక్టర్లకు చూపించాము. ముగ్గురూ దవడలు మొత్తం ఒకే ఫిలింలో కనిపించే ఓపీజీ ఎక్స్‌రే చూసి ఎముక సన్నగా ఉందన్నారు. కానీ ఒకరు నాలుగు మినీ ఇంప్లాంట్లు (దవడ ఎముకలో దించే సన్నని లోహపు స్క్రూలు) వేసి ఇదే సెట్టును వాటికి తగిలిస్తామన్నారు. రెండవవారు ముందుగా ఎముక గ్రాఫ్ట్ చేసి, అంటే తరిగిన చోట ఎముకను చేర్చి పెంచి, అది గట్టిపడ్డాకనే ఇంప్లాంట్ గురించి ఆలోచించాలన్నారు. మూడవవారు దవడ అడుగు పొరను పట్టుకునే బేసల్ ఇంప్లాంట్లతో వారం లోపలే కదలని పండ్లు కడతామన్నారు. ముగ్గురి మాటలూ నమ్మదగినట్టే ఉన్నాయి, ముగ్గురి ఖర్చులూ వేరువేరుగా ఉన్నాయి. అమ్మకు షుగర్, బీపీ ఉన్నాయి, రెండింటికీ మాత్రలు వాడుతుంది. ఈ వయసులో పెద్ద ఆపరేషన్ భరిస్తుందా, ఫ్లోరైడ్ పట్టిన ఎముకలో ఇంప్లాంట్ నిలుస్తుందా, ఈ మూడింటిలో దేనివైపు మొగ్గాలి? తెలిసినవారు వివరంగా చెప్పగలరని మనవి.

జవాబు – నల్గొండలో కృత్రిమ దంతాల వైద్యురాలు

మీ అమ్మగారి ఇబ్బందిని మీరు చక్కగా వివరించారు. నా దగ్గరకు వచ్చే పెద్దవారిలో చాలామంది చెప్పే మాట ఇదే: పై సెట్టు బాగుంది, కిందిది నిలవడం లేదు. దానికి కారణం ఉంది. పై సెట్టు అంగిలి మొత్తాన్ని ఆనుకుని గాలి పట్టుతో నిలుస్తుంది. కింది సెట్టుకు ఆనుకునే చోటు అందులో సుమారు సగమే. పైగా లోపల నాలుక, బయట బుగ్గలు దాన్ని నిత్యం కదుపుతూ ఉంటాయి. దంతాలు తీసేసిన తర్వాత ఎముక తరిగిపోవడం కూడా కిందనే ఎక్కువ. సెట్టు వాడేవారిని 25 ఏళ్ల పాటు గమనించి 1972లో ప్రచురించిన టాల్‌గ్రెన్ పరిశోధనలో, పై దవడ కంటే కింది దవడ ముందు భాగం సుమారు నాలుగు రెట్లు తరిగినట్టు తేలింది. కాబట్టి సెట్టు ఎన్నిసార్లు కొత్తగా చేయించినా కింద ఆధారమే తగ్గిపోతూ ఉంటే అది నిలవకపోవడం మీ అమ్మగారి తప్పు కాదు, చాలాసార్లు సెట్టు చేసినవారి తప్పు కూడా కాదు.

ఇప్పుడు అసలు విషయం. మీకు ముగ్గురు మూడు రకాల ఇంప్లాంట్లు చెప్పారు గానీ, ఎముక ఎన్ని మిల్లీమీటర్లు ఉందో ఒక్కరూ చెప్పినట్టు మీ ఉత్తరంలో లేదు. ఎముక రెండు దిశల్లో తరుగుతుంది: వెడల్పులో ఒకటి, ఎత్తులో ఒకటి. ఎత్తు మంచిగా ఉండి పైఅంచు మాత్రం కత్తి వాదర వలె పలచబడిన దవడకు చేయవలసిన పని వేరు. ఎత్తే పోయి పలకలా మిగిలిన దవడకు చేయవలసిన పని వేరు. ఓపీజీ చూస్తే ఎత్తు కొంతవరకు తెలుస్తుంది, వెడల్పు అసలే తెలియదు. దానికి సీబీసీటీ అనే స్కాన్ కావాలి. అందులో దవడను ముక్కముక్కగా అడ్డకోతల్లో చూసి ఏ చోట ఎన్ని మిల్లీమీటర్లు ఉందో కొలవవచ్చు. ఆ కొలతలు చేతికి రాకముందే ఏ ఇంప్లాంట్ అన్నది తేల్చడం తొందరపాటని నా గట్టి అభిప్రాయం.

ఎక్కడ కొలవాలన్నది కూడా ముఖ్యమే. కింది దవడ వెనుక భాగంలో ఎముక లోపల ఒక నరం పోతుంది. అది ముందుకు వచ్చి, చిన్న దవడ పండ్లు ఉండే చోట ఒక రంధ్రం గుండా బయటికి వచ్చి, పెదవికీ గడ్డానికీ స్పర్శ ఇస్తుంది. కుడి ఎడమ రంధ్రాల నడుమ ఉండే గడ్డం భాగంలో ఆ నరం అడ్డు ఉండదు, అక్కడి ఎముక గట్టిగా ఉంటుంది, దవడ ఎంత తరిగినా సాధారణంగా చివరి వరకు ఎత్తు మిగిలేది కూడా అక్కడే. సెట్టుకు ఆధారంగా వేసే ఇంప్లాంట్లు దాదాపు ఎప్పుడూ ఆ భాగంలోనే వేస్తాము. అందువల్ల ‘ఎముక సన్నగా ఉంది’ అని ఎవరైనా అన్నప్పుడు, వెనుకనా ముందునా అని అడగండి. వెనుక ఎముక పోయినవారికి కూడా ముందు భాగం చాలాసార్లు సరిపోతుంది.

మీ అమ్మగారికి పెదవి దాకా పాకే నొప్పి గురించి మీరు రాసింది చదివి నేను కాసేపు ఆగాను. ఎముక బాగా తరిగినప్పుడు, ఒకప్పుడు దవడ పక్కన ఉండే ఆ రంధ్రం అంచు పైకే వచ్చేస్తుంది. అప్పుడు సెట్టు నేరుగా నరాన్ని నొక్కుతుంది. స్కాన్‌లో అది చూడమని ప్రత్యేకంగా చెప్పండి. ఇంప్లాంట్ సంగతి తర్వాత చూసుకోవచ్చు, ఈలోపు ఆ చోట సెట్టు అడుగును కొంచెం తొలిచి నొక్కుడు తగ్గించమని మీ డాక్టర్‌ను ఇప్పుడే అడగండి. అది కొద్ది నిమిషాల పని.

ఇక మార్గాలు. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఈ రంగం నిపుణులు కూర్చుని, దంతాలన్నీ పోయిన కింది దవడకు మొదట ఆలోచించవలసిన చికిత్స రెండు ఇంప్లాంట్ల మీద ఆనే సెట్టు అని తేల్చారు. నేటికీ నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. ఆరు కాదు, నాలుగు కాదు, రెండు. వాటి పైన చిన్న లోహపు తలలు ఉంటాయి, సెట్టు అడుగున వాటికి సరిపోయే గిన్నెలు ఉంటాయి. రవిక టిచ్ బటన్ లాగా నొక్కితే పడుతుంది, లాగితే వస్తుంది. సెట్టు బరువును మాత్రం చాలావరకు చిగుళ్లే మోస్తాయి, ఇంప్లాంట్లు దాన్ని లేవనివ్వకుండా పట్టుకుంటాయి. సొంత పండ్లంత బలం వస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. కానీ జొన్నరొట్టె నానబెట్టకుండా తినగలగడం సాధారణంగా సాధ్యమే.

సాధారణ ఇంప్లాంట్ వ్యాసం 4 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. దానికి ముందు వెనుక కనీసం ఒక్కొక్క మిల్లీమీటరు ఎముక మిగలాలి కాబట్టి 6 మిల్లీమీటర్ల వెడల్పు కావాలి. 3.3 మిల్లీమీటర్ల సన్న ఇంప్లాంట్‌కు ఐదున్నర ఉన్నా సరిపోతుంది. సన్నవి విరిగిపోవా అన్న భయం న్యాయమైనదే. అందుకే టైటానియంలో సుమారు 15 శాతం జిర్కోనియం కలిపిన మిశ్రమంతో చేసినవి వచ్చాయి, అవి శుద్ధ టైటానియం కంటే బలమైనవి. 3 మిల్లీమీటర్ల కంటే సన్ననివే మినీ ఇంప్లాంట్లు. అవి ఒకే ముక్కగా ఉంటాయి, తరచుగా చిగురు కోయకుండానే వేయవచ్చు, బిగుతు బాగా కుదిరితే అదే రోజు సెట్టు తగిలించవచ్చు. ఒక్కొక్కటి మోయగల బరువు తక్కువ కాబట్టి కింద సాధారణంగా నాలుగు వేస్తాము. పెద్ద ఆపరేషన్‌కు శరీరం సహకరించనివారికి అవి మంచి మార్గమే. వాటి విషయంలో నాకున్న అభ్యంతరం ఒక్కటే: చిగురు తెరవకుండా వేసేటప్పుడు కత్తి వాదర లాంటి అంచు మీద డ్రిల్లు పక్కకు జారితే కంటికి కనబడదు. సన్న ఎముక ఉన్నవారికే మినీలు వేస్తారు, సన్న ఎముకలోనే చూడకుండా వేయడం ప్రమాదం. అటువంటి చోట చిగురు తెరిచి చూసి వేసే డాక్టర్‌నే ఎంచుకోండి.

మరొక మార్గం మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఎత్తు బాగా ఉండి పైఅంచు మాత్రమే సన్నగా ఉంటే, ఆ పనికిరాని అంచును కొన్ని మిల్లీమీటర్లు చెక్కి చదును చేస్తే, కింద వెడల్పైన ఎముక బయటపడుతుంది. అక్కడ మామూలు ఇంప్లాంటో సన్న ఇంప్లాంటో వేయవచ్చు. గ్రాఫ్ట్ అవసరం ఉండదు. ఎముకను కలపడానికి వచ్చినవారు ఎముకను తీసేస్తామంటే మొదట ఎవరికైనా వింతగానే అనిపిస్తుంది, కానీ కదిలే సెట్టు కోసం వేసే ఇంప్లాంట్‌కు ఆ సన్న అంచు దేనికీ పనికిరాదు. పైగా సెట్టు కింద నొప్పి పుట్టించేది కూడా చాలాసార్లు అదే.

ఫ్లోరైడ్ గురించి అడిగారు. ఫ్లోరోసిస్ ఉన్నంత మాత్రాన ఇంప్లాంట్ వద్దనడం సరికాదని నా అభిప్రాయం. అయితే ఆ ఎముక దట్టంగా కనిపించినా దాని నాణ్యత మామూలు ఎముకతో సమానం కాదు. కింది దవడ ముందు భాగం ఎవరికైనా గట్టిగానే ఉంటుంది, గట్టి ఎముకను తొలిస్తే వేడి పుడుతుంది; డ్రిల్లింగ్‌లో వేడి 47 డిగ్రీల సెల్సియస్‌కు చేరి ఒక నిమిషం ఉన్నా ఎముక కణాలు దెబ్బతింటాయని 1980లలోనే తేలింది. అందువల్ల ఇటువంటివారికి పదునైన కొత్త డ్రిల్లులతో, చల్లని సెలైన్ ధారగా పోస్తూ, ఆగి ఆగి పని చేయాలి. అదే రోజు సెట్టు తగిలించాలని ఆరాటపడకుండా మూడు నెలలు పూర్తిగా ఆగడం మేలు. మెడ, నడుము బిగుసుకున్నవారి విషయంలో డాక్టర్లు తరచుగా మరిచిపోయే సంగతులు మూడు. సీబీసీటీ యంత్రం ముందు గడ్డం ఆనించి కదలకుండా ఉండాలి. నిలబడలేకపోతే కూర్చోబెట్టి తీసే యంత్రం ఎక్కడుందో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. కుర్చీలో వెనక్కు వాలలేకపోతే మెడ కింద దిండు పెట్టి పనిని రెండు విడతలుగా చేయమని అడగండి. మూడవది వేళ్లు. ఇంప్లాంట్ మీద పడే సెట్టును ఆమె రోజూ తన చేతితో తీయగలగాలి. లొకేటర్ అనే రకంలో నైలాన్ వాషర్లు పట్టును బట్టి రంగుల్లో వస్తాయి: నీలం తక్కువ పట్టు, గులాబీ మధ్యస్థం, రంగు లేనిది గట్టి పట్టు. ముడుచుకోని వేళ్లున్నవారికి నీలంతో మొదలుపెట్టాలి.

షుగర్‌కు హెచ్‌బీఏ1సీ అనే రక్త పరీక్ష (గత రెండు మూడు నెలల షుగర్ సగటు) చేయించండి. 8 శాతం దాటితే నేను తగ్గేదాకా ఆపుతాను. ఎముకలు గుల్లబారాయని ఎప్పుడైనా ఏడాదికొకసారి వేసే జోలెడ్రానిక్ ఆమ్లం ఇంజెక్షన్ గానీ, వారానికొకసారి వేసుకునే మాత్రలు గానీ వాడి ఉంటే తప్పకుండా చెప్పాలి. అటువంటి మందులు వాడినవారికి దవడలో కోత పెడితే గాయం మానకుండా ఎముక చచ్చుబడే ప్రమాదం ఉంటుంది. కీళ్ల నొప్పుల కోసం దవాఖానలు తిరిగినవారు ఏ ఇంజెక్షన్ వేయించుకున్నారో వారికే గుర్తుండదు, పాత చిట్టీలు వెతకండి.

జవాబు – జడ్చర్ల నుంచి

అన్నగారూ, డాక్టరమ్మగారు చెప్పిన చెక్కే పద్ధతి మా మామగారికి చేశారు కాబట్టి రాస్తున్నాను. ఆయనకు 72 ఏళ్లు. మొదట ఒక ప్రైవేటు క్లినిక్‌లో స్కాన్ తీయకుండానే మినీ ఇంప్లాంట్లు వేశారు. అందులో ఒకటి కొన్నాళ్లకే వదులై ఊడి వచ్చింది, మరొకటి ఎముక బయటి వైపుకు పొడుచుకుని చిగురు ఎప్పుడూ ఎర్రగా ఉండేది. ఎందుకిట్లా అయిందని అడిగితే మీ ఎముకే మంచిది కాదన్నారు. తర్వాత ఒక దంత వైద్య కళాశాలలో స్కాన్ తీయించి చూస్తే ముందు భాగంలో ఎత్తు బాగానే ఉంది, పైఅంచు మాత్రమే సన్నగా ఉందన్నారు. పాతవి తీసి, మానాక, అంచును చెక్కి రెండు ఇంప్లాంట్లు వేశారు.

మీకు ముందుగా తెలియాల్సినవి కొన్ని చెబుతాను. చెక్కిన తర్వాత గడ్డం కింద వాచి, నల్లగా కమిలి, చూస్తే భయం వేసేలా ఉంటుంది. అది మెల్లగా దిగిపోతుంది. కుట్లు మానేవరకు కింది సెట్టు పెట్టుకోనివ్వరు. ఆ రోజుల్లో అంబలి, మెత్తగా ఉడికిన అన్నం, పప్పు నీళ్లు, గుడ్డు పెట్టాము. తర్వాత సెట్టు అడుగున మెత్తటి పూత వేసి ఇచ్చారు, ఇంప్లాంట్లు ఎముకలో అతుక్కునేదాకా దానితోనే గడిచింది. లొకేటర్లు తగిలించిన రోజు ఆయన దాన్ని తీయలేక గాబరా పడ్డారు. రెండు వైపులా బొటనవేలి గోరును సెట్టు అంచు కింద పెట్టి, రెండింటినీ ఒకేసారి పైకి లేపాలని అక్కడి సిస్టర్ అద్దం ముందు కూర్చోబెట్టి నేర్పింది. ఒక పక్కనే లేపితే వాషర్లు తొందరగా అరుగుతాయి. నాలుకతో తోసి తీయడం, పండ్లతో కొరికి బిగించడం అసలే చేయకూడదన్నారు.

ఇప్పుడు ఆయన సర్వపిండి తింటారు. అంచులు గట్టిగా కాలిన చోట్లతో సహా తింటారు. మీ అమ్మగారికి కూడా కుదురుతుందని నమ్ముతున్నాను.

జవాబు – హైదరాబాద్‌లో దవడ శస్త్రవైద్యుడు, సొంతూరు నాగర్‌కర్నూల్

గ్రాఫ్ట్, బేసల్ ఇంప్లాంట్ల సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి అవి రెండూ చెబుతాను.

గ్రాఫ్ట్ చెడ్డది కాదు. వెడల్పు కొంచెమే తక్కువైతే ఎముక పొడి పోసి పైన పొర కప్పి పెంచవచ్చు. బాగా తక్కువైతే దవడ వెనుక మూల నుంచో గడ్డం నుంచో ఎముక బిళ్ల తీసి స్క్రూలతో బిగిస్తాము. నాలుగు నుంచి ఆరు నెలలు ఆగాలి. ఆ కాలమంతా గ్రాఫ్ట్ మీద సెట్టు నొక్కకూడదు. నొక్కితే పెంచిన ఎముక కరిగిపోతుంది. అంటే మీ అమ్మగారు చాలా కాలం కింది సెట్టు లేకుండా గడపాలి, రెండు చోట్ల గాయం భరించాలి, షుగర్ వల్ల కుట్లు విడిపోయే అవకాశం ఉంది. వెడల్పు పెంచడం కంటే ఎత్తు పెంచడంలో ఫలితం ఇంకా అనిశ్చితం. కదలని పండ్లు కావాలనుకునే నలభై ఏళ్ల మనిషికి ఇదంతా చేయడం సబబు. 67 ఏళ్ల మనిషికి, తీసి పెట్టుకునే సెట్టు కోసం, ముందు భాగంలో ఎముక దొరికే పక్షంలో, గ్రాఫ్ట్ మొదటి మాట కాకూడదు. అంచును మధ్యకు చీల్చి వెడల్పు చేసే పద్ధతి కూడా ఉంది, కానీ కింది దవడలో బయటి పొర మందంగా, గట్టిగా ఉండడం వల్ల అది వంగడానికి బదులు విరిగిపోతుంది. నేను కింద దాన్ని తక్కువగా వాడతాను.

బేసల్ ఇంప్లాంట్లు దవడ అడుగున ఉండే గట్టి పొరను పట్టుకునేలా వేసేవి. అవి ప్రధానంగా వెంటనే కదలని పండ్లు కట్టడానికి ఉద్దేశించినవి, సెట్టుకు ఆధారంగా కాదు. కాబట్టి మీరు అడిగిన ప్రశ్నకు ఆ మూడవ డాక్టర్ చెప్పింది వేరే చికిత్స. అందులో ఎనిమిదో పదో ఇంప్లాంట్లు ఒకదానికొకటి కలిపి కడతారు. ఒకటి పాడైతే మొత్తం విప్పాలి, తీయడం కష్టం, తీసేటప్పుడు ఎముక ఇంకా పోతుంది. కదలని పండ్ల కింద రోజూ బ్రష్ దూర్చి కడగాలి. వేళ్లు ముడుచుకోనివారికి అది ఎంత కష్టమో మీరే ఆలోచించండి. తీసి కడుక్కునే సెట్టు వారికి నిజంగానే మెరుగు.

ఒక హెచ్చరిక. గడ్డం భాగం నరాల విషయంలో సురక్షితమే కానీ, లోపలి వైపు, నాలుక కింద, ఎముకలోకి చిన్న రక్తనాళాలు పోతాయి. చాలామందికి ఆ వైపు ఎముక లోపలికి గుంటపడి ఉంటుంది. డ్రిల్లు ఆ గోడను దాటి నాళాన్ని తెంపితే నాలుక కింద రక్తం పేరుకుని, నాలుకను పైకి నెట్టి, ఊపిరి ఆడనివ్వని స్థితి రావచ్చు. అరుదైనదే, కానీ ప్రాణం మీదికి వచ్చినదిగా వైద్య పత్రికల్లో నమోదైనది. స్కాన్ లేకుండా సన్న దవడలో డ్రిల్లు పెట్టవద్దని మేము మొత్తుకునేది ఇందుకే. ఇంప్లాంట్ వేసిన రోజు సాయంత్రం నాలుక కింద వాపు పెరుగుతూ, మాట ముద్దగా వస్తుంటే, తెల్లారేదాకా ఆగకుండా వెంటనే పెద్ద దవాఖానకు తీసుకుపోవాలి.

ఎత్తు మరీ పోయి, గడ్డం దగ్గర కూడా 7 మిల్లీమీటర్ల కంటే తక్కువ మిగిలిన దవడల లెక్క వేరు. అక్కడ ఇంప్లాంట్ కోసం తొలిచిన రంధ్రం దగ్గరే దవడ విరగవచ్చు. 6 మిల్లీమీటర్ల పొట్టి ఇంప్లాంట్లు ఉన్నాయి కానీ అటువంటి పని అనుభవమున్న శస్త్రవైద్యుడి చేతిలోనే జరగాలి.

మీకు దగ్గరలో నార్కట్‌పల్లి కామినేని దంత వైద్య కళాశాల, మహబూబ్‌నగర్‌లో ఎస్వీఎస్ దంత వైద్య కళాశాల, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉన్నాయి. సెట్టు చేసే విభాగం, శస్త్రచికిత్స విభాగం ఒకేచోట ఉండడం ఇటువంటి కేసుల్లో చాలా అవసరం. ఇంప్లాంట్ ఎక్కడ ఉండాలో నిర్ణయించవలసింది సెట్టు చేసేవారు, వేయవలసింది శస్త్రవైద్యులు. ఇద్దరూ ఒకే స్కాన్ చూసి మాట్లాడుకోవాలి.

జవాబు – మిర్యాలగూడలో డెంటల్ ల్యాబ్ టెక్నీషియన్

ఒక చిన్న మాట. ఇంప్లాంట్ల గిన్నెలు కూర్చోబెట్టడానికి సెట్టు అడుగున తొలిచిన చోట అక్రిలిక్ (సెట్టు చేసే ప్లాస్టిక్) పలచబడుతుంది, చాలా సెట్లు సరిగ్గా అక్కడే రెండు ముక్కలవుతాయి. కొత్త సెట్టు చేయించేటప్పుడు లోపల లోహపు జాలీ గానీ క్రోమ్ కోబాల్ట్ చట్రం గానీ పెట్టించమని మీ డాక్టర్‌ను అడగండి. పాత సెట్టుకే తగిలించాలనుకుంటే ముందు దాని పండ్లు ఎంత అరిగాయో చూడమనండి. అరిగిన సెట్టుకు ఇంప్లాంట్ తగిలిస్తే అది కదలదు కానీ నమలదు.

ప్రశ్న అడిగినవారు – మర్రిగూడ నుంచి

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే కూర్చోబెట్టి తీసే యంత్రం ఉన్న చోటికి అమ్మను తీసుకుపోయి సీబీసీటీ తీయించాము. రిపోర్టులో ఉన్నది రాస్తున్నాను. గడ్డం భాగంలో ఎత్తు 19 మిల్లీమీటర్లు. పైఅంచు వెడల్పు రెండున్నర మిల్లీమీటర్లు, 4 మిల్లీమీటర్లు కిందికి పోతే 6 మిల్లీమీటర్లు. కుడి వైపు నరం రంధ్రం అంచు పైకే వచ్చిందని, ఎడమ వైపు అంచుకు కొంచెం కింద ఉందని రాశారు. లోపలి వైపు గుంట ఉందని కూడా ఉంది. కుడి వైపు సెట్టు అడుగు తొలిపించాము, ఆ జివ్వుమనే నొప్పి చాలావరకు పోయింది. ఇంతకాలం ఆ నొప్పితోనే సెట్టు పెట్టుకుని పెండ్లిళ్లకు వచ్చిందా అని మాకు బాధ కలిగింది. హెచ్‌బీఏ1సీ 8.4 వచ్చింది. ఎముకల ఇంజెక్షన్ ఏదీ వేయించుకోలేదని పాత చిట్టీలన్నీ చూసి నిర్ధారించుకున్నాము. గుండె డాక్టర్ రాసిన ఆస్పిరిన్ 75 మిల్లీగ్రాముల మాత్ర రోజూ వేసుకుంటుంది, ఆ సంగతి మొదట చెప్పలేదు. ఇప్పుడు ఏం చేయమంటారు? ఆస్పిరిన్ ఎన్ని రోజుల ముందు ఆపాలి?

జవాబు – నల్గొండలో కృత్రిమ దంతాల వైద్యురాలు

ఈ కొలతలు చూసి నాకు సంతోషం కలిగింది. ఎత్తు చాలినంత ఉంది, పోయింది పైఅంచు వెడల్పు మాత్రమే. 4 మిల్లీమీటర్లు చెక్కితే 15 మిల్లీమీటర్ల ఎత్తు, 6 మిల్లీమీటర్ల వెడల్పు మిగులుతాయి. అందులో 3.3 మిల్లీమీటర్ల వ్యాసం, 10 మిల్లీమీటర్ల పొడవు ఉన్న రెండు ఇంప్లాంట్లు చుట్టూ ఎముకతో హాయిగా ఇముడుతాయి, కింద కూడా 5 మిల్లీమీటర్లు మిగులుతుంది. గ్రాఫ్ట్ అవసరం నాకు కనిపించడం లేదు, మినీలతో సరిపెట్టుకోవలసిన అవసరమూ కనిపించడం లేదు. లోపలి గుంటను తప్పించడానికి ఇంప్లాంట్‌ను ఏ కోణంలో దించాలన్నది శస్త్రవైద్యులు స్కాన్ మీదే గీసుకోవాలి. వీలైతే ఆ కోణానికి సరిపోయే గైడ్ (డ్రిల్లు దారి తప్పకుండా నడిపించే అచ్చు) చేయించమనండి. చెక్కడం రెండు నరం రంధ్రాల నడుమ, వాటికి దూరంగా ముగియాలి. కుడి వైపు రంధ్రం అంచు పైనే ఉంది కాబట్టి అక్కడ చిగురు కోత కూడా నరానికి దూరంగా ఉండాలి. ఈ మాట మీరు స్వయంగా వారికి గుర్తు చేయండి, ఎవరూ తప్పుగా అనుకోరు.

ఆస్పిరిన్ మీరు ఆపవద్దు. ఆ మోతాదు వేసుకుంటూనే ఇటువంటి పని సాధారణంగా చేస్తాము. రక్తం కుట్లతో, గాజుగుడ్డ నొక్కుడుతో ఆగుతుంది. మాత్ర ఆపడం వల్ల గుండెకు వచ్చే ముప్పు, కాసేపు ఎక్కువ రక్తం కారడం కంటే పెద్దది. అయినా గుండె డాక్టర్‌తో మాట్లాడి, వారు చెప్పింది కాగితం మీద రాయించుకుని రండి.

షుగర్ 8 లోపలికి దిగేదాకా ఆగండి. హెచ్‌బీఏ1సీ గత రెండు మూడు నెలల సగటును చూపుతుంది కాబట్టి వచ్చే వారమే మళ్లీ చేయించి ఉపయోగం లేదు. ఆ వ్యవధిని వృథా చేయకుండా కొత్త సెట్టు పని మొదలుపెట్టించండి. మొదట పండ్లు ఎక్కడ రావాలో తేలితే, ఇంప్లాంట్లు వాటి కింద సరిగ్గా వస్తాయి. ఇది తిరగబడి, ఇంప్లాంట్లు వేశాక పండ్లను వాటి మీదికి ఈడ్చుకురావలసి వచ్చిన సెట్లు ఎన్నో చూశాను.

ఖర్చు అడిగేటప్పుడు మొత్తం ఒక్క అంకెగా కాకుండా స్కాన్, శస్త్రచికిత్స, ఇంప్లాంట్లు, లొకేటర్లు, కొత్త సెట్టు, వాషర్ల మార్పు అని విడివిడిగా రాసి ఇవ్వమనండి. ఇంప్లాంట్ కంపెనీ పేరు, కొలత, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్‌ను ఆమె చిట్టీ మీద అంటించమనండి. పదేళ్ల తర్వాత వేరే ఊరి డాక్టర్‌కు సరిపోయే విడిభాగం తెప్పించడానికి అదే ఆధారం. నైలాన్ వాషర్లు సుమారు ఏడాదికొకసారి మార్చవలసి వస్తుంది, సెట్టు అడుగును కూడా ఎముక తరిగిన కొద్దీ సరిచేయించాలి. రాత్రి పడుకునే ముందు సెట్టు తీసి నీళ్లలో వేయాలి, ఇంప్లాంట్ తలల చుట్టూ మెత్తటి బ్రష్‌తో రోజూ రుద్దాలి. ఆమె వేళ్లకు మామూలు బ్రష్ పట్టు చిక్కకపోతే పిడికి గుడ్డ చుట్టి లావు చేసి ఇవ్వండి.

షుగర్ రిపోర్టు వచ్చాక, గుండె డాక్టర్ రాసిచ్చిన కాగితం, సీబీసీటీ సీడీ, ఇప్పుడు వాడుతున్న రెండు సెట్లూ తీసుకుని ఆ కళాశాలల్లో ఒకదానికి ఉదయం ఓపీ వేళకే వెళ్లండి. ఫిలిం ఒక్కటే కాదు, సీడీ తప్పనిసరిగా తీసుకుపోండి. కొలతలు వారు కంప్యూటర్ మీద మళ్లీ స్వయంగా తీసుకుంటారు.